చైన్ లోపలి ఎర్రమట్టి

మోటార్ సైకిల్ చైన్ తెగిపోవడం అరుదు. అరిగిపోవడమే ఎక్కువ. ఆ అరుగుదల మొదలయ్యే చోటు మాత్రం పైకి కనబడదు. అనంతపురం దగ్గరి రాప్తాడులో హైవే పక్కనున్న ఒక మెకానిక్ షెడ్డులో, పనికిరాదని పక్కన పడేసిన చైన్ నుంచి ఒక లింకు విప్పించుకుని చూశాను. లోపలి పిన్ను ఒక పక్క నున్నగా మెరుస్తోంది. గోటితో తడిమితే అక్కడ సన్నటి మెట్టు తగులుతోంది. రెండో పక్క మాత్రం కొత్తలో ఎంత గుండ్రంగా ఉండేదో అంతే గుండ్రంగా ఉంది. పిన్ను తిరిగే బుష్‌లోంచి ఇటుక రంగు ముద్ద కొంచెం ఊడి అరచేతిలో పడింది.

"చైన్ సాగింది అంటారు గానీ అన్నా, ఇనుము యాడ సాగుతాది? మన్ను తినేసింది" అన్నాడు మెకానిక్.

ఆయన మాట అక్షరాలా నిజం. మన బైకుల్లో ఎక్కువగా కనిపించే 428 రకం చైన్‌లో ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు దూరం 12.7 మిల్లీమీటర్లు. పక్క రేకులు సాగవు. పిన్నూ బుష్షూ ఒరుసుకున్న చోట ప్రతి కీలులో 0.1 మిల్లీమీటరు అరిగిందనుకోండి. 120 లింకుల చైన్ మొత్తం మీద 12 మిల్లీమీటర్ల పొడవు పెరుగుతుంది. కంటికి ఆననంత అరుగుదల ఒక్కో కీలులో పోగుపడి చివరికి చైన్ వేలాడిపోతుంది.

ఆ అరగదీసే పని రాప్తాడు నేల బాగా చేస్తుంది. ఇక్కడి ఎర్రనేలలు గ్రానైట్, నైస్ రాళ్లు లక్షల ఏళ్లుగా చివికి ఏర్పడినవి. ఆ రాళ్లలోని ఫెల్డ్‌స్పార్ కుళ్లి బంకమన్ను అవుతుంది, ఇనుము తుప్పు పట్టి ఎరుపు రంగునిస్తుంది, క్వార్ట్జ్ మాత్రం దేనికీ లొంగక ఇసుక రేణువుల్లా మిగిలిపోతుంది. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 7. ఎంత గట్టిపరిచినా మామూలు ఉక్కు పిన్ను దానికి అందదు. ఆ ఇసుక నూనెతో కలిసిందంటే ఇనుమును సానపట్టే ముద్ద తయారైనట్టే. చైన్‌కు గ్రీజు దండిగా పట్టిస్తే మేలనుకునే వాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. బయట పూసిన గ్రీజు లోపలికి పోదు. దారిలోని దుమ్మునంతా పట్టి తనతోనే ఉంచుకుంటుంది.

ఈ చైన్ పుట్టింది మట్టి దారుల కోసం కాదు, నూలు మిల్లుల కోసం. స్విట్జర్లాండ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1879లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో ఒక చిన్న చైన్ల కార్ఖానా కొన్నాడు. దాని పాత యజమాని జేమ్స్ స్లేటర్ రోలర్ చైన్‌కు అప్పటికే పేటెంట్ తీసుకున్నాడు. అయితే ఆ చైన్‌లో పిన్ను మీద పడే బరువంతా పలచటి పక్క రేకుల అంచుల మీదే ఆనేది. చూస్తుండగానే అరిగిపోయేది. రెనాల్డ్ రెండు లోపలి రేకుల మధ్య గొట్టంలాంటి బుష్‌ను బిగించి, పిన్ను దాని లోపల తిరిగేలా చేశాడు. బరువు బుష్ పొడవునా పరుచుకుంది. బుష్ మీద ఇంకో రోలర్ ఉండడంతో స్ప్రాకెట్ పళ్లకు రాపిడి తగ్గింది. 1880లో వచ్చిన ఆ పేటెంట్ చైనే ఇవాళ పొలాల్లో తిరిగే టీవీఎస్ ఎక్సెల్‌కూ, ఎడారుల్లో పరుగెత్తే ర్యాలీ బైకుకూ మూలం. 1885లో స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిల్ చైన్‌తో వెనక చక్రాన్ని నడిపాక దీని దశ తిరిగింది. మన బైకు చైన్ల మీద కనిపించే డైమండ్, రోలాన్ పేర్లు చెన్నై, కోయంబత్తూరు కంపెనీలవి.

నూలు మిల్లులో దుమ్ము మెత్తనిది, పైగా యంత్రానికి కప్పు ఉంటుంది. అదే చైన్‌ను మట్టిలోకి దించాక కష్టాలు మొదలయ్యాయి. ఊళ్లో తిరిగే బైకుల్లో చాలావాటికి ఇప్పటికీ నిండు చైన్ కవర్ ఉంటుంది, రైతుకు అది పెద్ద ఉపకారం. డర్ట్ బైకుకు కవర్ ఉండదు. మట్టి లోపల ఇరుక్కుంటే బయటికి పోయే దారి ఉండాలని అలా వదిలేస్తారు. దాని ముందు మడ్‌గార్డు చక్రానికి బాగా ఎత్తున ఉండేదీ అందుకే. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడిలో వానపడ్డ మర్నాడు మామూలు బైకు తోలిన వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. బంకమన్ను చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య దిట్టంగా కూరుకుపోయి చక్రమే తిరగదు.

డర్ట్ బైకు అనగానే బెంగళూరు కుర్రాళ్ల సరదా అనుకుంటాం. 2015లో బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ ఎడారి దారుల డాకర్ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక ఇలాంటి బళ్లు మన రోడ్ల మీదా కనబడుతున్నాయి. నా దృష్టిలో మాత్రం బుడ్డల (వేరుశనగ) మూటతో, పాల క్యాన్లతో గట్ల మీద నడిచే స్ప్లెండర్ కూడా డర్ట్ బైకే. దానికి కావాల్సిన శుశ్రూష కూడా అదే.

ఏటా వాన 550 మిల్లీమీటర్లు దాటడమే గగనమైన ఈ పీఠభూమిలో బురద సవారీ ఏడాదికి కొన్ని రోజులే. కానీ వాన వస్తే ఒక్కోసారి వంకంతా వచ్చి మీద పడుతుంది. 2024 అక్టోబరులో పండమేరు వంక పొంగి అనంతపురం శివారు కాలనీలను ముంచింది. అలా నీట మునిగిన బండిని ముందు స్టార్ట్ చేయకూడదు. ఇంజిన్ ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే, దాన్ని మార్చాకే కిక్ కొట్టాలి.

మామూలు బురదకు వస్తే, చేయాల్సిన మొదటి పని మట్టి ఎండకముందే గీకేయడం. ఇంజిన్ రెక్కల మధ్య మట్టి ఎండి గడ్డకడితే గాలితో చల్లబడే ఇంజిన్‌కు గాలి అందదు, వేడి లోపలే నిలుస్తుంది. ఆ తర్వాత ఇంజిన్ చల్లబడ్డాక కడగాలి. సైలెన్సర్ మూతినీ ఎయిర్ ఫిల్టర్ దారినీ గుడ్డతో మూయాలి.

వాటర్ సర్వీసింగ్ షాపులో తుపాకీలా కొట్టే నీటిధార చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ ఒత్తిడికి నీళ్లు రబ్బరు సీళ్లను దాటి చక్రం బేరింగుల్లోకీ, హ్యాండిల్ కప్పుల్లోకీ, వెనక ఫోర్కు ఇరుసులోకీ చొరబడతాయి. గ్రీజు నీటితో కలిసి పలచబడి కారిపోతుంది. పైకి బండి తళతళలాడుతుంటే లోపల తుప్పు మొదలవుతుంది. బోర్లు ఎండే ఊళ్లో బకెట్టు నీళ్లు, మెత్తటి బ్రష్షు, పాతగుడ్డ పట్టుకుని కడిగేవాడు నీళ్లు పొదుపు చేయడమే కాదు, బేరింగుల ఆయుష్షు కూడా పెంచుతున్నాడు. కరువు నేర్పిన పద్ధతే ఇక్కడ యంత్రానికి నప్పే పద్ధతి.

చైన్‌కు నీళ్లు చాలవు. కిరసనాయిల్లో ముంచిన బ్రష్షుతో నాలుగు వైపులా రుద్ది, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. పెట్రోలు వాడకూడదు. నిప్పు భయం ఒకటి, రబ్బరును పాడుచేస్తుందన్నది ఇంకొకటి. ఈ పనంతా ఇంజిన్ ఆపే చేయాలి. బండి డబుల్ స్టాండ్ మీద నిలబెట్టి, గేరులో పెట్టి, తిరిగే చైన్‌కు గుడ్డ పట్టేవాళ్లను చూస్తుంటాం. గుడ్డ కొస చిక్కితే వేలు స్ప్రాకెట్ దాకా పోతుంది, మళ్లీ రాదు. చేత్తో చక్రం తిప్పుకుంటే పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే.

తర్వాత నూనె. ఎడ్లబండి ఇరుసుకు మన పెద్దలు కందెన వేసేవాళ్లు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేది. మసి నూనెను కారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇవాళ్టి గ్రీజులో లిథియం సబ్బు చేసేది కూడా ఆ పనే. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. దానిలోని హైడ్రాక్సిల్ సమూహం లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుంది. అందుకే మొదటి ప్రపంచ యుద్ధ విమానాల ఇంజిన్లు చాలావరకు ఆముదాన్నే కందెనగా వాడాయి, రేసు బైకులూ చాలాకాలం దాన్నే నమ్ముకున్నాయి. మన చేల గట్ల మీద పెరిగే ఆముదం చెట్టుకు ఇంత చరిత్ర ఉంది. అయితే గాలికీ వేడికీ ఆముదం జిగురు కడుతుంది కాబట్టి చైన్‌కు పనికిరాదు. పాత ఇంజిన్ ఆయిలూ వద్దు, దాంట్లో లోహపు పొడి, మసి ఉంటాయి. తొంభై నంబరు గేర్ ఆయిలు చాలు.

ఎక్కడ వేయాలన్నదే అసలు కిటుకు. కింది వరస చైన్ లోపలి వైపు, రేకుకూ రేకుకూ మధ్య సందులో చుక్కలు చుక్కలుగా వేయాలి. చైన్ తిరిగేటప్పుడు నూనె బయటికి చిమ్ముతుంది కాబట్టి లోపలి వైపు వేసిందే కీళ్ల గుండా పోతుంది. కాస్త తిరిగొచ్చాక చైన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు వేస్తే నూనె పలచబడి సందుల్లోకి ఇంకుతుంది. కాసేపు ఆగి పైనున్నదంతా తుడిచేయాలి. తుడిచాక పొడిగా కనిపించే చైనే ఎర్రదుమ్ములో ఎక్కువకాలం బతుకుతుంది.

ఓ-రింగు చైన్లది ఇంకో కథ. డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సన్ 1937లో దరఖాస్తు పెట్టి, 1939లో పేటెంట్ పొందిన రబ్బరు ఉంగరం అది. చైన్ తయారీదారులు దాన్ని రేకుల మధ్య ఇరికించి, కార్ఖానాలోనే పిన్ను చుట్టూ గ్రీజు నింపి మూసేశారు. మనం పైన వేసే నూనె ఆ గ్రీజు దాకా చేరదు. రోలర్లకూ, రబ్బరు ఎండిపోకుండా ఉండడానికీ, తుప్పు పట్టకుండా ఉండడానికే అది. ఇనుప బ్రష్షుతో గట్టిగా రుద్దితే ఆ ఉంగరాలు చిరుగుతాయి. ఒక్కటి చిరిగినా ఆ కీలులోకి ఎర్రమట్టి పోవడం మొదలవుతుంది.

వారానికోసారి వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగి చూడండి. పన్ను సగానికి పైగా బయటపడితే చైన్ ఆయుష్షు తీరినట్టే. చైన్ ఒక్కటే మారిస్తే, పాత స్ప్రాకెట్ల వంగిన పళ్లు కొత్త చైన్‌ను కొద్ది నెలల్లోనే పాతదానిలా చేస్తాయి. అందుకే రాప్తాడు మెకానిక్ చైన్, స్ప్రాకెట్ల కిట్టు మొత్తం మార్చమంటాడు.