ఉధ్నాలో పళ్ళు, నల్గొండ నీళ్ళు

సూరత్‌లోని ఉధ్నా స్టేషన్‌లో దిగి మరమగ్గాల వీధుల వైపు నడిస్తే, మగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినబడతాయి. తెలంగాణ జిల్లాల నుంచి నేత కుటుంబాలు ఈ నగరానికి తరాలుగా వలస వస్తూనే ఉన్నాయి. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. అన్న నల్గొండ పల్లెలో ఎనిమిదేళ్ళు పెరిగి ఉధ్నాకు వచ్చాడు. చెల్లెలు ఇక్కడే పుట్టింది. ఇరవై ఏళ్ళుగా ఇద్దరూ తాగేది ఒకే కుళాయి నీళ్ళు. అయినా అన్న ముందుపళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలున్నాయి, చెల్లెలి పళ్ళు తెల్లగా ఉన్నాయి. చూసినవాళ్ళు అతనితో “గుట్కా మానెయ్యరాదూ” అంటారు. అతను గుట్కా ముట్టి ఎరుగడు.

మన ఎముక జీవితాంతం కొంచెం కొంచెంగా అరుగుతూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. పంటి పైనుండే పింగాణి పొరకు ఆ అదృష్టం లేదు. దాన్ని కట్టే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికి నశించిపోతాయి. ఆ తరువాత మరమ్మతు చేసే మేస్త్రీ ఎవరూ ఉండరు. అందుకే చిన్నప్పుడు తాగిన నీళ్ళ గుర్తు అక్కడే మిగిలిపోతుంది.

పింగాణి బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అది హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేటు. పొర తయారయ్యేటప్పుడు ముందు ప్రోటీను పరుచుకుంటుంది. తరువాత ఆ ప్రోటీను తొలగిపోతూ ఉంటే ఖాళీ అయిన చోటును స్ఫటికాలు నింపుతాయి. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే ప్రోటీను సరిగా తొలగదు. పైపొర గట్టిగానే ఉన్నా, దాని కింద సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. పన్ను మొలిచినప్పుడు అవి సుద్దలాంటి తెల్లమచ్చలుగా కనిపిస్తాయి. తిండిలోని, టీలోని రంగు క్రమంగా లోపలికి ఇంకి గోధుమరంగుకు తిరుగుతుంది. పొగాకు గార అలా కాదు, అది పైన పట్టేది. దంతవైద్యుడు గీకితే చాలావరకు పోతుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటగా శాస్త్రపత్రికలో వివరించింది 1937లో. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతం గురించి. తరువాత నల్గొండ పేరు ఈ జబ్బుకు మారుపేరైపోయింది. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి కూడా ‘నల్గొండ పద్ధతి’ అనే పేరు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండటం మంచిదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఫరవాలేదని మన ప్రమాణాలు చెబుతాయి.

విచిత్రమేమంటే, పళ్ళను కాపాడేదీ ఈ ఫ్లోరైడే. నోటిలో ఆమ్లం పెరిగి పీహెచ్ సుమారు 5.5కు దిగితే మామూలు పింగాణి కరగడం మొదలవుతుంది. ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం దాదాపు 4.5 వరకు తట్టుకుంటుంది. పేస్టులో ఫ్లోరైడ్ కలిపేది అందుకే. తేడా అంతా ఎంత, ఏ వయసులో అన్నదానిలోనే ఉంది.

చారలు పోవాలని బొగ్గుపొడితో, ఇటుకపొడితో రుద్దేవాళ్ళున్నారు. రంగు ఉన్నది రంధ్రాల్లో, అరిగేది మాత్రం పొర. దాని మందం ఎక్కువలో ఎక్కువ రెండున్నర మిల్లీమీటర్లు. అది పోతే కింద పసుపుపచ్చని డెంటైన్ బయటపడుతుంది. చల్లనీళ్ళు తాగినా పళ్ళు జివ్వుమంటాయి.

దంతవైద్యుడి దగ్గర ఇతర దారులున్నాయి. 1955లో మైకేల్ బూనకోర్ అనే అమెరికన్ ఒక సంగతి గమనించారు. లోహానికి రంగు బాగా అంటుకోవడానికి పరిశ్రమల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తున్నారు. దాన్నే ఆయన పంటి మీద ప్రయత్నించారు. ప్లాస్టరింగుకు ముందు గోడకు గంట్లు కొట్టినట్టు, ఆమ్లం పింగాణిని గరుకు చేస్తుంది. ఆ గంట్లలోకి రెసిన్ దిగి పట్టుకుంటుంది. నీలికాంతి పడగానే గట్టిపడే పంటిరంగు కాంపోజిట్ నిలిచేది ఈ పట్టు మీదే. ఫ్లోరైడ్ పళ్ళతో చిక్కు ఇక్కడే వస్తుంది. వాటి పైపొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. ఆమ్లాన్ని కాస్త ఎక్కువసేపు ఉంచాలి, లేదా ముందుగా పలుచగా అరగదీయాలి.

కాంపోజిట్ గట్టిపడేటప్పుడు రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. పొరలు పొరలుగా వేసేది అందుకే. మనం ‘పన్నుకు సిమెంటు పెట్టించుకున్నా’ అనే మాటకు సరిగ్గా సరిపోయేది గ్లాస్ అయనోమర్. విల్సన్, కెంట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు దాన్ని 1972లో లోకానికి చూపారు. అది పంటిలోని కాల్షియంతో నేరుగా రసాయనబంధం వేసుకుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది కూడా. దెబ్బకు కాంపోజిట్ అంత తట్టుకోదు, కాబట్టి నమిలే ఒత్తిడి ఎక్కువగా పడేచోట పెద్ద గుంతలకు సాధారణంగా వాడరు.

ఇక అన్న కథకు వద్దాం. అతనికి పెళ్ళయింది. భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళి, బిడ్డతో చాలాకాలం అక్కడే ఉండిపోవచ్చు. పై ముందుపళ్ళ పింగాణికి రెండు మూడేళ్ళ వయసు చాలా సున్నితమైన కాలం. ఇప్పుడు నల్గొండ పల్లెలకు మిషన్ భగీరథ పైపుల్లో నది నీళ్ళు వస్తున్నాయి, కానీ చాలాచోట్ల పాత బోర్లు ఇంకా పెరట్లోనే ఉన్నాయి. బిడ్డకు పాలు కలిపే నీళ్ళు, ఇంట్లో అన్నం వండే నీళ్ళు ఆ బోరువా, పైపువా అన్నది అతను అత్తగారిని ఫోన్‌లో అడగాల్సిన మొదటి సంగతి.