భిన్న సంస్కృతుల వ్యాపారంలో మార్పు నిర్వహణ

భిన్న సంస్కృతుల వ్యాపారంలో మార్పు నిర్వహణ అనగా వేర్వేరు దేశాలకు, భాషలకు, పని అలవాట్లకు చెందినవారు కలసి పనిచేసే సంస్థలో ఒక పెద్ద మార్పును రూపొందించి, దానిని అందరికీ అర్థమయ్యేలా తెలియజేసి, ఆచరణలో నిలబెట్టే ప్రక్రియ. ఒక దేశపు కంపెనీ మరొక దేశపు కంపెనీలో వాటా కొన్నప్పుడు, రెండు కంపెనీలు విలీనమైనప్పుడు, విదేశంలో కర్మాగారం నెలకొల్పినప్పుడు దీని అవసరం కలుగుతుంది. ఇటువంటి సందర్భాలలో లెక్కలు, యంత్రాలు, పెట్టుబడి ఎంత ముఖ్యమో, ఒకరి మాట మరొకరికి ఏ అర్థంలో చేరుతుందన్నది కూడా అంతే ముఖ్యం. ఫ్రాన్సుకు చెందిన రెనో, జపానుకు చెందిన నిస్సాన్ మోటారు కంపెనీల మధ్య 1999లో ఏర్పడిన కూటమి ఈ విషయానికి తరచుగా చెప్పబడే ఉదాహరణ.

సిద్ధాంత నేపథ్యం

మార్పు నిర్వహణ గురించిన ఆలోచనకు జర్మనీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ పునాది వేశాడు. 1947లో ప్రచురితమైన రచనలో ఆయన మార్పును మూడు దశలుగా వివరించాడు. మొదటిది పాత అలవాటు గడ్డకట్టిన స్థితి నుండి కరగడం, రెండవది కొత్త స్థితికి కదలడం, మూడవది ఆ కొత్త స్థితిలో మరల గట్టిపడటం. తరువాతి కాలంలో హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యుడు జాన్ కాటర్ 1996లో వెలువడిన తన గ్రంథంలో ఎనిమిది మెట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. మార్పు అత్యవసరమని అందరికీ తెలియజెప్పడం అందులో మొదటి మెట్టు.

ఈ రెండు పద్ధతులూ ప్రధానంగా పాశ్చాత్య సంస్థల అనుభవం నుండి పుట్టినవి. అధికారి ఆలోచనను బహిరంగంగా చెప్పడం, ఉద్యోగి సందేహాన్ని బహిరంగంగా అడగడం అక్కడ సహజం. ఆ అలవాటు లేని చోట ఇవే మెట్లను వేరొక రీతిలో ఎక్కవలసి ఉంటుంది.

మాట, మాట వెనుక అర్థం

అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో సంస్కృతులను అవి సందర్భంపై ఆధారపడే తీరును బట్టి వివరించాడు. కొన్ని సమాజాలలో చెప్పదలచినదంతా మాటలలోనే ఉంటుంది. జర్మనీ, అమెరికా ఈ కోవకు చెందినవి. మరికొన్ని సమాజాలలో ఎవరు చెప్పారు, ఎవరి ఎదుట చెప్పారు, ఏమి చెప్పకుండా విడిచారు అన్నవాటిలో అర్థం దాగి ఉంటుంది. జపాను ఈ రెండవ కోవకు చెందినది.

తెలుగువారికి ఈ తేడా కొత్త కాదు. పెళ్ళి సంబంధం గురించి అడిగినప్పుడు పెద్దలు "చూద్దాం లెండి, కబురు చేస్తాం" అంటే, అది కాదనడమేనని వచ్చినవారు గ్రహించి లేస్తారు. జపాను కార్యాలయంలో "పరిశీలిస్తాము" అన్న మాట కూడా చాలా సందర్భాలలో మర్యాదపూర్వకమైన తిరస్కారమే. ఆ మాటను అక్షరాలా తీసుకున్న విదేశీ అధికారి తన ప్రతిపాదన పరిశీలనలో ఉన్నదని నమ్మి, నెలలు గడిచాక తనను మోసం చేశారని బాధపడతాడు. ఎదుటివారేమో తాము ఎప్పుడో స్పష్టంగానే చెప్పామనుకుంటారు.

డచ్చి పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967-1973 మధ్య ఐబిఎం సంస్థ ఉద్యోగుల నుండి సేకరించిన లక్షకు పైగా ప్రశ్నావళులను పరిశీలించి, 1980లో నాలుగు కొలమానాలను ప్రకటించాడు. అధికార దూరం, అనిశ్చితి పట్ల విముఖత, వ్యక్తివాదం, పురుషలక్షణ ప్రాధాన్యం అనేవి ఆ నాలుగు. అయితే ఇవి దేశపు సగటు లెక్కలు మాత్రమే. ఒక దేశపు సగటును ఆ దేశస్థుడైన ఒక వ్యక్తికి అంటగట్టడం సరికాదు. ఈ సిద్ధాంతాలను తీర్పుగా కాక, ముందుగా ఏమి అడిగి తెలుసుకోవాలో సూచించే ప్రశ్నల పట్టికగా వాడుకోవడం మేలు.

జపాను సంస్థల పని సంప్రదాయాలు

నిస్సాన్ ఉదాహరణను అర్థం చేసుకొనుటకు కొన్ని జపాను సంప్రదాయాలను తెలుసుకోవాలి.

నెమవాషి: ఒక చెట్టును వేరొక చోట నాటే ముందు దాని వేళ్ళ చుట్టూ మట్టిని తవ్వి సిద్ధం చేయడం అని ఈ పదానికి మూలార్థం. వేళ్ళు సిద్ధం కాకుండా పెకలించిన చెట్టు కొత్త చోట బ్రతకదు. కార్యాలయ వాడుకలో, సమావేశానికి ముందే సంబంధించిన వారందరినీ విడివిడిగా కలసి అభిప్రాయం తెలుసుకోవడాన్ని నెమవాషి అంటారు. అందుచేత సమావేశం చర్చకు కాక, అప్పటికే కుదిరిన అంగీకారాన్ని ప్రకటించుటకు వేదిక అవుతుంది.

రింగి: ప్రతిపాదన కాగితం క్రింది స్థాయిలో తయారై, ఒక్కొక్క అధికారి ముద్ర పొందుతూ పైకి చేరే పద్ధతి. నిర్ణయానికి కాలం ఎక్కువ పడుతుంది. కాని నిర్ణయం జరిగిన తరువాత ఆచరణ వేగంగా సాగుతుంది.

కెయిరెత్సు: పరస్పరం వాటాలు కలిగి, దీర్ఘకాలంగా ఒకరికొకరు అండగా ఉండే కంపెనీల సమూహం.

వీటికి తోడు పెద్ద కంపెనీలలో ఒకసారి చేరిన ఉద్యోగి పదవీ విరమణ వరకు అక్కడే కొనసాగడం, సేవాకాలాన్ని బట్టి పదోన్నతి లభించడం ఆనవాయితీగా ఉండేవి.

రెనో-నిస్సాన్ ఉదాహరణ

సంక్షోభం, ఒప్పందం

1990వ దశకం చివరి నాటికి నిస్సాన్ భారీ అప్పులలో కూరుకుపోయింది. అంతకు ముందు ఎనిమిది సంవత్సరాలలో ఏడింట నష్టాలు చవిచూసింది. నిస్సాన్ అధ్యక్షుడు యోషికాజు హనావా, రెనో అధిపతి లూయీ ష్వైట్జర్ చర్చలు జరిపిన మీదట 1999 మార్చి 27న ఒప్పందం కుదిరింది. రెనో 36.8 శాతం వాటా తీసుకున్నది. రెండు కంపెనీలూ తమ తమ పేర్లతో, గుర్తింపుతో కొనసాగే ఏర్పాటు జరిగింది.

రెనో పంపిన కార్లోస్ ఘోన్ 1999 జూన్‌లో నిస్సాన్ ప్రధాన నిర్వహణాధికారి అయ్యాడు. బ్రెజిల్‌లో లెబనాన్ మూలాలున్న కుటుంబంలో 1954లో జన్మించి, ఫ్రాన్సులో చదివిన ఈయనకు అప్పటికి జపాను భాష రాదు. జపానులో పనిచేసిన అనుభవమూ లేదు.

ప్రణాళికను ఎవరు వ్రాశారు?

ఘోన్ పారిస్ నుండి సిద్ధమైన ప్రణాళికను తేలేదు. నిస్సాన్‌లోనే తొమ్మిది బృందాలను ఏర్పరచాడు. కొనుగోళ్ళు, ఉత్పత్తి, పరిశోధన, అమ్మకాలు, ఆర్థిక వ్యవహారాలు మొదలైన ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క బృందం. ఒక్కొక్క బృందంలో సుమారు పదిమంది మధ్యస్థాయి అధికారులు, వేర్వేరు విభాగాల నుండి ఉండేవారు. వీరికి తోడ్పడిన ఉపబృందాలతో కలిపి దాదాపు 500 మంది ఈ పనిలో పాల్గొన్నారు. మూడు నెలలలో సిఫారసులు ఇవ్వాలన్నది గడువు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉంది. అంతవరకు నిస్సాన్‌లో ఒక విభాగం లోపాన్ని మరొక విభాగం పైకి చెప్పే అలవాటు లేదు. అమ్మకాలు తగ్గితే నమూనాలు బాగా లేవని వారు, ఖర్చులు పెరిగితే కొనుగోళ్ళ తప్పని వీరు అనుకోవడమే గాని, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నది తక్కువ. బృందాలు ఈ అడ్డుగోడలను దాటించాయి. ఒక విధంగా ఇది నెమవాషికి గడువు పెట్టి, అధికారికంగా జరిపించడమే. చేదు నిర్ణయాలను సూచించినది నిస్సాన్ ఉద్యోగులే కాబట్టి, వాటిని పరాయివారి ఆజ్ఞగా త్రోసిపుచ్చడం కష్టమైంది.

భాష సమస్య

జపానీయులకు, ఫ్రెంచివారికి ఉమ్మడిగా ఉన్న భాష ఆంగ్లం. అది ఇరువురికీ మాతృభాష కాదు. కనుక ఒకే ఆంగ్ల పదాన్ని ఎవరికి తోచిన అర్థంలో వారు వాడే ప్రమాదం ఏర్పడింది. దీనిని నివారించుటకు సుమారు 40 ముఖ్య పదాలకు నిర్వచనాలతో ఒక చిన్న నిఘంటువు తయారుచేశారు. ఉదాహరణకు 'కమిట్‌మెంట్' అనగా నెరవేర్చి తీరవలసిన మాట. 'టార్గెట్' అనగా చేరుటకు ప్రయత్నించవలసిన మరింత ఎత్తైన గమ్యం. ఈ రెండింటి తేడా తెలియకపోతే ఒకరి ఆశయం మరొకరికి వాగ్దానంగా కనిపిస్తుంది. భాష రాకపోవడం కంటే, వచ్చుననుకున్న భాషలో అర్థాలు వేరుగా ఉండటమే ఎక్కువ ప్రమాదకరమని ఈ ప్రయత్నం తెలుపుతుంది.

ప్రకటన, ఫలితాలు

1999 అక్టోబరు 18న నిస్సాన్ పునరుజ్జీవన ప్రణాళిక వెలువడింది. అందలి ముఖ్యాంశాలు ఇవి:

* ఐదు కర్మాగారాల మూసివేత
* ఉద్యోగుల సంఖ్యను 1,48,000 నుండి 1,27,000కు, అనగా 21,000 మేర తగ్గించుట
* కొనుగోలు ఖర్చులో 20 శాతం కోత
* విడిభాగాలు, సామగ్రి సరఫరాదారుల సంఖ్యను 1,145 నుండి 600కు తగ్గించుట
* అనుబంధ కంపెనీలలోని వాటాలలో అధికభాగం విక్రయించుట

దీనితో పాటు ఘోన్ మూడు వాగ్దానాలు చేశాడు. 2000 ఆర్థిక సంవత్సరంలో లాభాలలోకి రావడం, 2002 ఆర్థిక సంవత్సరానికి నిర్వహణ లాభాన్ని అమ్మకాలలో 4.5 శాతానికి చేర్చడం, అప్పును 1.4 లక్షల కోట్ల యెన్‌ల నుండి సగానికి తగ్గించడం. ఇవి నెరవేరని పక్షాన తానూ, కార్యనిర్వాహక సంఘ సభ్యులూ రాజీనామా చేస్తామని ప్రకటించాడు. ఉద్యోగులను త్యాగానికి సిద్ధం కమ్మన్నవాడు తన పదవిని కూడా పణంగా పెట్టడం వలన ఆ మాటకు బరువు వచ్చింది.

1999 ఆర్థిక సంవత్సరంలో సుమారు 68,400 కోట్ల యెన్‌ల నష్టం చూపిన కంపెనీ, మరుసటి సంవత్సరం 33,100 కోట్ల యెన్‌ల లాభం చూపింది. ప్రణాళిక లక్ష్యాలు గడువుకు ఒక సంవత్సరం ముందే, 2002 మార్చి నాటికి పూర్తయ్యాయి.

చెల్లించిన మూల్యం

ఈ విజయాన్ని లాభాల లెక్కతో మాత్రమే చూడరాదు. టోక్యో పశ్చిమాన ఉన్న మురయామా కర్మాగారంలో కార్ల తయారీ 2001 మార్చిలో ఆగిపోయింది. అక్కడివారికి దూరప్రాంతాలలోని ఇతర కర్మాగారాలలో పని చూపించారు. కాని వృద్ధులైన తల్లిదండ్రులు, పిల్లల చదువులు, సొంత ఇల్లు ఉన్నవానికి బదిలీ అనేది కేవలం చిరునామా మార్పు కాదు. జీవితాంతం ఉంటుందనుకున్న కొలువుకు భరోసా తొలగిపోవడం నాటి జపాను సమాజంలో పెద్ద ఆఘాతం. తరతరాల అనుబంధం ఉన్న సరఫరాదారులకూ అదే అనుభవం. మార్పును ఎంత చక్కగా తెలియజేసినా, అది కలిగించే నష్టం తగ్గదు. తమకు జరుగుతున్నది ఏమిటో, ఎందుకో, ఎప్పుడో వారికి ముందుగా తెలియడం మాత్రమే సాధ్యపడుతుంది.

భిన్నమైన ఫలితం: డైమ్లర్-క్రైస్లర్

ఇదే కాలంలో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్, అమెరికాకు చెందిన క్రైస్లర్ విలీనమయ్యాయి. 1998 మేలో ప్రకటించి, నవంబరులో పూర్తిచేసిన ఈ విలీనాన్ని సమానుల కలయికగా పేర్కొన్నారు. స్టట్‌గార్ట్‌లోను, అమెరికాలోని ఆబర్న్ హిల్స్‌లోను రెండు ప్రధాన కార్యాలయాలు ఏర్పరచారు. అయితే క్రమంగా ముఖ్యమైన నిర్ణయాధికారం జర్మనీ వైపు చేరింది. 2000 అక్టోబరులో కంపెనీ అధిపతి యుర్గెన్ ష్రెంప్ ఒక పత్రికా సంభాషణలో, క్రైస్లర్‌ను ఒక విభాగంగా ఉంచడమే మొదటి నుండి తన ఉద్దేశమనే అర్థం వచ్చేలా మాట్లాడటం తీవ్ర కలకలం రేపింది. అదే సంవత్సరం నవంబరులో క్రైస్లర్‌కు జర్మను అధిపతి వచ్చాడు. 2001 ఆరంభంలో 26,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. చివరకు 2007లో క్రైస్లర్‌లో 80.1 శాతం వాటాను సెర్బెరస్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మివేశారు.

ఈ వైఫల్యానికి వ్యాపార కారణాలు అనేకం ఉన్నాయి. సంభాషణకు సంబంధించినంత వరకు తేడా స్పష్టం. నిస్సాన్‌లో చేదు నిజం మొదటి రోజులలోనే చెప్పబడింది. క్రైస్లర్‌లో తీపిమాట మొదట, నిజం తరువాత వచ్చాయి. జర్మనులు, అమెరికన్లు ఇరువురూ సూటిగా మాట్లాడేవారేనని పేరు. సంస్కృతులు దగ్గరగా ఉన్నంత మాత్రాన నమ్మకం దానంతట అది రాదని దీనివలన తెలుస్తుంది.

నిస్సాన్ తరువాతి చరిత్ర

2005లో ఘోన్ రెనో అధిపతి కూడా అయ్యాడు. రెండు కంపెనీలను మరింత దగ్గర చేయాలన్న ఆలోచన నిస్సాన్‌లో తమ స్వతంత్రత పోతుందేమోనన్న అనుమానానికి దారితీసింది. 2018 నవంబరు 19న ఘోన్‌ను ఆదాయాన్ని తక్కువ చేసి చూపాడన్న ఆరోపణపై టోక్యోలో అరెస్టు చేశారు. ఆరోపణలను ఆయన ఖండించాడు. బెయిలుపై ఉండగా 2019 డిసెంబరులో జపాను విడిచి లెబనాన్ చేరాడు. 2023లో రెండు కంపెనీలు ఒకదానిలో మరొకటి సమానంగా 15 శాతం ఓటుహక్కు ఉండేలా సంబంధాన్ని సవరించుకున్నాయి. 2025 మేలో నిస్సాన్ మరల 20,000 ఉద్యోగాల కోతను, కర్మాగారాల సంఖ్యను 17 నుండి 10కి తగ్గించడాన్ని ప్రకటించింది.

లెవిన్ చెప్పిన మూడవ దశ, అనగా కొత్త స్థితి గట్టిపడటం, ఎంత కష్టమో ఈ చరిత్ర సూచిస్తుంది. 1999లో మార్పుకు బలం 500 మంది ఉద్యోగుల భాగస్వామ్యం. దశాబ్దాలు గడిచేకొలదీ కూటమి ఒక వ్యక్తి చుట్టూ తిరగడంతో, ఆ వ్యక్తి తొలగిన నాడు రెండు సంస్థల మధ్య ఉన్న అపనమ్మకం బయటపడింది.

తెలుగు ప్రాంతాలలో

విదేశీ సంస్థల రాకతో ఈ విషయం తెలుగు ప్రాంతాలకు కూడా సన్నిహితమైంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో జపాను కంపెనీ ఇసుజు కర్మాగారం 2016లో ప్రారంభమైంది. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ సమీపంలో కొరియా కంపెనీ కియా 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇటువంటి చోట్ల విదేశీ అధికారులు, స్థానిక ఉద్యోగులు ప్రతిదినం కలసి పనిచేయవలసి ఉంటుంది. పెద్దల ఎదుట "సరేనండీ" అనడం మన ప్రాంతంలో మర్యాద. ఆ మాటకు పని అర్థమైందని గాని, గడువులోగా పూర్తవుతుందని గాని అర్థం కాకపోవచ్చు. ఈ తేడాను ఇరుపక్షాలూ ముందే తెలుసుకొనుట మంచిది.

ఆచరణలో పాటించదగినవి

* మార్పు ప్రణాళికను, దానివలన ప్రభావితులయ్యే వారి భాగస్వామ్యంతో వ్రాయించాలి.
* ముఖ్య పదాల అర్థాలను ముందుగానే వ్రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి.
* "అర్థమైందా?" అని అడుగుటకు బదులు, విన్నదానిని వారి మాటలలో తిరిగి చెప్పమనాలి.
* బహిరంగ సమావేశంలో మౌనాన్ని అంగీకారంగా భావించరాదు. విడిగా మాట్లాడే అవకాశం కల్పించాలి.
* నష్టం కలిగించే నిర్ణయాన్ని దాచి, తరువాత బయటపెట్టరాదు.
* మార్పు కోరేవారు తాము వదులుకొనేది ఏమిటో కూడా చెప్పాలి.