బొమ్మ ఇంజిన్ కదలట్లేదా? జవాబు దొరికినట్టే!

‘మీ ప్రాజెక్టులో ఏం లోపం వచ్చింది? ఎలా సరిచేశారు?’

ఎలక్ట్రానిక్స్ ఇంటర్వ్యూల్లో ఈ ప్రశ్న దగ్గరే చాలామంది తడబడతారు. కొని తెచ్చిన ప్రాజెక్టులో లోపం వెతికే పనే పడదు మరి! మద్నూర్‌కు రైలు లేకపోయినా ఫర్వాలేదు. టేబుల్ మీద మీటరు పొడవు పట్టాలు, ఒక బొమ్మ ఇంజిన్, సొంతంగా చేసుకున్న డిజిటల్ డీకోడర్ ఉంటే ఆ పని నేర్చుకోవచ్చు.

ఎలా పనిచేస్తుంది?

మామూలు బొమ్మ రైళ్లలో వోల్టేజీ పెంచితే పట్టాల మీదున్న ఇంజిన్లన్నీ కలిసి పరుగెడతాయి. డిజిటల్ కమాండ్ కంట్రోల్... అంటే డీసీసీలో అలా కాదు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. దాని దిశ వేగంగా మారుతూ సందేశాన్ని మోస్తుంది. బిట్‌లో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే ‘1’, 100 లేదా అంతకు మించితే ‘0’. ఇంజిన్‌లోని డీకోడర్ తన నంబరుకు వచ్చిన ఆదేశాన్నే పాటిస్తుంది. బ్రిడ్జ్ రెక్టిఫయర్, 5 వోల్టుల రెగ్యులేటర్, ఆప్టోకప్లర్, ఆర్డునో నానో, మోటార్ డ్రైవర్‌తో దీన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆదేశాలు పంపే స్టేషన్‌కు డీసీసీ-ఈఎక్స్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

వరస తప్పొద్దు

ఇంజిన్ కదలకపోతే వెంటనే ప్రోగ్రాం మార్చేయకండి. ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్లండి.

1. పవర్: ఆర్డునోకు 5 వోల్టులు అందుతున్నాయా? మల్టీమీటర్‌తో చూడండి. పట్టాల మీద ఉండగా యూఎస్‌బీ కేబుల్ తగిలించొద్దు. గ్రౌండ్‌లు కలిసి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

2. సిగ్నల్: పవర్ ఉన్నా స్పందన లేకపోతే ఆప్టోకప్లర్‌ను అనుమానించండి. చవగ్గా దొరికే పీసీ817 ఈ వేగానికి తగినది కాదు. 6ఎన్137 వాడండి. దాని అవుట్‌పుట్‌కు పుల్-అప్ రెసిస్టర్ మరిచిపోతే సిగ్నల్ రానే రాదు.

3. అడ్రస్: కొత్త డీకోడర్ నంబరు సాధారణంగా 3. అది సీవీ-1లో ఉంటుంది. మీరు 5కు ఆదేశమిస్తే 3 ఎందుకు పలుకుతుంది?

4. మోటార్: ముందు ఎల్ఈడీతో పరీక్షించండి. ఎల్ఈడీ వెలిగి మోటార్ తిరగకపోతే పవర్ తీసేసి, డీకోడర్ వైర్లు విప్పి, మోటార్ టెర్మినల్‌కూ చక్రాలకూ మధ్య కంటిన్యుటీ చూడండి. బీప్ వస్తే మోటార్ ఇంకా పట్టాలకు కలిసే ఉన్నట్టు. అలాగే నడిపితే డ్రైవర్ కాలిపోతుంది.

5. ఆగి ఆగి నడుస్తోందా? తప్పు కోడ్‌ది కాకపోవచ్చు. చక్రాలు, పట్టాల మురికిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి.

ఉద్యోగానికి ఏం లాభం?

డిప్లొమా, ఎలక్ట్రానిక్స్ లేదా ఫిజిక్స్ బీఎస్సీ చేసినవారికి 2024 ఆర్ఆర్‌బీ నోటిఫికేషన్‌లో టెక్నీషియన్ గ్రేడ్-1 సిగ్నల్ పోస్టులు ప్రకటించారు. రైల్వే సిగ్నల్ సిబ్బందికి సికింద్రాబాద్‌లోని ఇరిసెట్ 1957 నుంచి శిక్షణ ఇస్తోంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ను 2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోనే ప్రదర్శించారు. బొమ్మ రైలు టెక్నాలజీ వేరు, కవచ్ వేరు. కానీ పవర్, సిగ్నల్, అడ్రస్, మోటార్ అంటూ వరసగా అనుమానాలు తీర్చుకునే అలవాటు ఎక్కడైనా పనికొస్తుంది.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏం కనిపించింది, దేన్ని అనుమానించారు, ఏం కొలిచారు, చివరికి ఏం తేలింది... ఏరోజుకారోజు రాయండి. కాలిపోయిన డ్రైవర్ గురించి కూడా దాచకుండా రాయండి. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు చెప్పాల్సింది ఆ పేజీల్లోనే ఉంటుంది.