పది తర్వాత వృత్తి విద్య.. ఉపకార వేతనానికి పత్రాలే కీలకం

మోండా మార్కెట్‌ (సికింద్రాబాద్‌): తెల్లవారకముందే బస్తాలు దించే హమాలీ, తోపుడు బండిపై కూరగాయలు అమ్మే తల్లి, పూలమాలలు కట్టి బతికే కుటుంబం.. మోండా మార్కెట్‌పై ఆధారపడిన ఇలాంటి ఇళ్లలో పిల్లలు పదో తరగతి గట్టెక్కగానే ఒకటే ప్రశ్న ఎదురవుతుంది. పై చదువా? పనా? చదువుతోపాటు పనీ నేర్పే దారులు ఐటీఐ, పాలిటెక్నిక్‌. వాటిలో చేరేవారికి ప్రభుత్వ ఆర్థిక సాయమూ ఉంది. అర్హత ఉన్నా పత్రాలు సిద్ధంగా లేక, గడువు తెలియక దానిని చేజార్చుకుంటే ఏడాది ఖర్చంతా ఇంటిపైనే పడుతుంది.

ప్రవేశం ఎలా?

ఐటీఐలో సీట్లను మార్కుల ఆధారంగా కేటాయిస్తారు. కొన్ని ట్రేడ్‌లకు ఎనిమిదో తరగతి అర్హత సరిపోతుంది. పాలిటెక్నిక్‌ డిప్లొమాకు పాలిసెట్‌ రాయాలి. మార్కెట్‌కు సమీపంలోని ఈస్ట్‌ మారేడుపల్లిలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్‌, ప్రింటింగ్‌ టెక్నాలజీ సంస్థలు ఉన్నాయి. నగరంలోని మల్లేపల్లిలో ప్రభుత్వ ఐటీఐ ఉంది.

ఈపాస్‌తో రెండు ప్రయోజనాలు

రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్‌ వెబ్‌సైట్‌ ద్వారా దరఖాస్తు చేసే ఉపకార వేతనంలో రెండు భాగాలుంటాయి. ఒకటి బోధన రుసుం చెల్లింపు. రెండోది విద్యార్థి నిర్వహణ ఖర్చు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి రూ.2 లక్షలు. బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పట్టణాల్లో రూ.2 లక్షలు, గ్రామాల్లో రూ.1.5 లక్షలు. హాజరు 75 శాతం ఉండాలి. ఏటా రెన్యువల్‌ చేయించుకోవాలి.

ఇక్కడే చాలామంది గమనించని షరతు ఒకటుంది. పాలిటెక్నిక్‌లో కన్వీనర్‌ కోటాలో సీటు పొందినవారికే బోధన రుసుం చెల్లింపు వర్తిస్తుంది. యాజమాన్య కోటాలో, స్పాట్‌ అడ్మిషన్లలో చేరినవారికి అది అందదు. కౌన్సెలింగ్‌కు వెళ్లకుండా నేరుగా కళాశాలలో చేరితే మూడేళ్ల ఫీజు సొంతంగా కట్టుకోవాల్సిందే.

నిధుల విడుదలలో జాప్యమూ ఉంటుంది. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు బంద్‌ పాటించాయి. ఫీజు తక్కువగా ఉండే ప్రభుత్వ సంస్థలకు తొలి ప్రాధాన్యమివ్వడం పేద కుటుంబాలకు క్షేమం.

బాలికలకు ప్రగతి

ఏఐసీటీఈ గుర్తింపు పొందిన సంస్థలో డిప్లొమాలో చేరిన బాలికలకు ‘ప్రగతి’ పథకం కింద ఏటా రూ.50 వేలు ఇస్తారు. కుటుంబ ఆదాయం రూ.8 లక్షలు మించరాదు. ఒక ఇంటి నుంచి ఇద్దరు ఆడపిల్లల వరకు అర్హులు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ‘సక్షమ్‌’, తల్లిదండ్రులను కోల్పోయిన వారికి ‘స్వనాథ్‌’ పథకాలున్నాయి. జాతీయ స్కాలర్‌షిప్‌ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ప్రభుత్వం నుంచి మరో ఉపకార వేతనం పొందుతున్నవారికి ప్రగతి వర్తించదు. ఏది ఎక్కువ మేలో లెక్క చూసుకుని ఎంచుకోవాలి.

ఐటీఐ తర్వాత..

దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లోనే ఉంది. లాలాగూడ, మెట్టుగూడల్లో వర్క్‌షాపులున్నాయి. 1961 నాటి అప్రెంటిస్‌ చట్టం కింద ఐటీఐ పూర్తిచేసిన వారిని స్టైపెండ్‌తో శిక్షణకు తీసుకుంటారు. రాత పరీక్ష ఉండదు. పదో తరగతి, ఐటీఐ మార్కుల ఆధారంగానే ఎంపిక జరుగుతుంది. పదిలో కనీసం 50 శాతం మార్కులు రావాలి. అందుకే పది ఎలాగోలా పాసైతే చాలనుకోవడం పొరపాటు.

ఇప్పుడే చేయాల్సినవి

* జీతం రసీదు లేని చిరు వ్యాపారులు, హమాలీలు సైతం ఆదాయ ధ్రువపత్రం పొందవచ్చు. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు కార్యాలయం విచారించి జారీ చేస్తుంది. ఫలితాల వరకు ఆగకుండా ముందే తీసుకోవాలి.

* కుల ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోవాలి.

* పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. తేడా ఉంటే వెంటనే సరిచేయించాలి.

* విద్యార్థి పేరిట బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్‌తో అనుసంధానించాలి.

* ఆన్‌లైన్‌ దరఖాస్తుతో పని పూర్తికాదు. వేలిముద్రల ధ్రువీకరణ ముగించి, ప్రతులను కళాశాలలో అందజేసి, వివరాలు పై అధికారులకు చేరాయో లేదో కనుక్కోవాలి.

రోజు కూలీ వదులుకుని కార్యాలయాల చుట్టూ తిరగడం మార్కెట్‌ కుటుంబాలకు భారమే. అయితే వేసవిలో వెచ్చించే ఆ రెండు మూడు రోజులే బిడ్డ చదువు మధ్యలో ఆగకుండా కాపాడతాయి.