ఫుట్‌పాత్‌తో మొదలుపెట్టాడు!

కొత్త మేయరు కుర్చీలో కూర్చోగానే ఏం చేస్తారు? దండలూ బొకేలూ అయ్యాక విలేకరుల సమావేశం పెడతారు. నగరాన్ని సింగపూర్ చేస్తామంటారు. నాలుగు ఫ్లైఓవర్లు, రెండు రింగురోడ్లు ప్రకటిస్తారు. కొలంబియా రాజధాని బొగొటాలో 1998లో గద్దెనెక్కిన మేయరు మాత్రం ఫ్లైఓవర్లు వద్దన్నాడు. నేరుగా వెళ్లి ఫుట్‌పాత్‌ల మీద పడ్డాడు. కార్లున్న పెద్దమనుషులంతా ఆయన మీద పడ్డారు. పదవి ఊడినంత పనైంది!

ఆండీస్ పర్వతాల మధ్య, సముద్రమట్టానికి 2600 మీటర్ల ఎత్తులో ఉంటుంది బొగొటా. చల్లటి ఊరు. కానీ 1990ల మొదట్లో ఆ పేరు చెబితే కొలంబియావాళ్లకే గుండె దడ. ఓపక్క మాదకద్రవ్యాల ముఠాల బాంబులు, మరోపక్క పట్టపగలే హత్యలు. 1993లో ప్రతి లక్ష మందిలో 80 మంది హత్యకు గురయ్యారక్కడ. ఇక రోడ్ల సంగతి చెప్పక్కర్లేదు. ప్రైవేటు బస్సుల డ్రైవర్లకు నెలజీతం ఉండేది కాదు, ఎక్కిన ప్రయాణికుల లెక్కన డబ్బులు. దాంతో ఒక్క టికెట్టు కోసం రెండు బస్సులు పోటీలుపడి నడిరోడ్డు మీద పరుగు పందెం పెట్టుకునేవి. ఆ పోరుకు జనం ‘పైసా యుద్ధం’ అని పేరు పెట్టారు. బస్సు దిగి నడుద్దామంటే ఫుట్‌పాత్ నిండా కార్లు.

అలాంటి ఊరు పదేళ్లు తిరిగేసరికి ప్రపంచంలోని మేయర్లంతా వెళ్లి చూసొచ్చే ఊరైంది. ఎలా? అడిగితే చాలామంది ఒక్కరి పేరే చెబుతారు. నిజానికి ఆ కథలో ముగ్గురున్నారు. ముగ్గురివీ మూడు దారులు.

గల్లాపెట్టె నింపినాయన

అంతకుముందు బొగొటా మేయరును దేశాధ్యక్షుడే నియమించేవాడు. ఎన్నికలు మొదలైంది 1988లో. ఆ తర్వాత 1992లో మేయరైన హైమే కాస్ట్రో న్యాయశాస్త్రం చదువుకున్న మనిషి. ఆయన వచ్చేసరికి ఖజానాలో చిల్లిగవ్వ లేదు. విద్యుత్తు, నీటి సరఫరా సంస్థల బోర్డుల్లో కౌన్సిలర్లే కూర్చుని ఉద్యోగాలూ కాంట్రాక్టులూ తమవాళ్లకు ఇప్పించుకునేవారు. కాస్ట్రో ఆ ముడి విప్పాడు. 1993లో నగరానికి కొత్త చట్టం వచ్చింది. పరిపాలన మేయరుది, పర్యవేక్షణ కౌన్సిలుది అని గీత గీసేసింది. ఇంటి విలువను యజమానే ప్రకటించి పన్ను కట్టే పద్ధతి కూడా అప్పుడే మొదలైంది.

పన్నులు వేసిన మేయరును ఎవరు మెచ్చుకుంటారు? దిగిపోయేనాటికి కాస్ట్రోకు జనంలో పెద్ద పేరేం లేదు. ఆయనకు విగ్రహాలు కట్టమనడం లేదు కానీ తర్వాతి ఇద్దరు మేయర్లు చేసిన గొప్ప పనులన్నిటికీ పెట్టుబడి ఆ చేదు మందే. 2002 నాటికి నగరం వసూలు చేసిన ఆదాయం 1990 నాటికి మూడు రెట్లు దాటింది.

ట్రాఫిక్‌కు మూకాభినయం

రెండో మనిషి అంతానస్ మోకస్. లెక్కల మాస్టారు. తత్వశాస్త్రం కూడా చదివాడు. జాతీయ విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఉన్నప్పుడు సభలో విద్యార్థులు ఎంతకీ గోల ఆపకపోతే వేదిక మీదే వెనక్కి తిరిగి ప్యాంటు కిందికి జార్చేశాడు! సభ నిశ్శబ్దమైపోయింది. 1993లో జరిగిన ఆ ఘనకార్యానికి ఉద్యోగం పోయింది, దేశమంతా పేరు మోగింది. పార్టీ లేదు, జెండా లేదు. మరుసటేడు ఎన్నికల్లో నిలబడి గెలిచేశాడు.

మోకస్ లెక్క వేరు. రోడ్లు తర్వాత, ముందు మనుషులు మారాలన్నాడు. ట్రాఫిక్ పోలీసుల లంచాల గురించి అందరికీ తెలుసు. ఆ విభాగాన్నే మూసేసి కూడళ్లలో మూకాభినయ కళాకారుల్ని దింపాడు. ముఖానికి తెల్లరంగు పూసుకున్న వాళ్లు జీబ్రా గీతలు దాటొచ్చి ఆగిన కారు ముందు నిలబడి డ్రైవరును అనుకరించేవారు. అడ్డదిడ్డంగా రోడ్డు దాటేవాడి వెనకే నడుస్తూ వెక్కిరించేవారు. చూసేవాళ్లు ఘొల్లుమనేవారు. జరిమానా కడితే మరచిపోతాం కానీ నలుగురిలో నవ్వులపాలైతే మరచిపోతామా? ఇరవై మందితో మొదలైన ఆ దళం నాలుగొందలు దాటింది. బాగా నడిపితే ‘శెభాష్’ అనీ, తప్పు చేస్తే ‘ఛీ’ అనీ బొటనవేలు చూపే అట్టముక్కల్ని మూడున్నర లక్షలు అచ్చువేసి పంచాడు. పాదచారులు చనిపోయిన ప్రతి చోటా రోడ్డు మీద ఓ నక్షత్రం వేయించాడు. మొత్తం పదిహేను వందల నక్షత్రాలు!

నీటి కొరత వచ్చినప్పుడు మేయరుగారు టీవీలో స్నానం చేస్తూ కనిపించారు. సబ్బు రాసుకునేటప్పుడు కుళాయి కట్టేయండని చేసి చూపించారు. రెండు నెలల్లో వాడకం 14 శాతం తగ్గింది. బిల్లులో ఆదా కనిపించేసరికి జనానికి అదే అలవాటైంది. రెండోసారి మేయరైనప్పుడు, 2002లో, ఇష్టమున్నవాళ్లు పది శాతం పన్ను అదనంగా కట్టండని అడిగితే 63 వేల మంది కట్టారు! నమ్మబుద్ధి కాదు కానీ నిజం. రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 1300 మంది చనిపోయే ఊళ్లో ఆ సంఖ్య 2003 నాటికి దాదాపు 600కి దిగింది.

‘కార్లు తీయండి!’

మూడో మనిషి ఎన్రికే పెన్యలోసా. 1994లో మోకస్ చేతిలో ఓడి, 1997 ఎన్నికల్లో గెలిచాడు. ఆయన బల్ల మీద అప్పటికే ఓ నివేదిక ఉంది. జపాన్ సహకార సంస్థ ‘జైకా’ తయారుచేసింది. (మన హైదరాబాద్ ఔటర్ రింగ్‌రోడ్డుకు అప్పిచ్చిన సంస్థే). ట్రాఫిక్ రద్దీ తగ్గాలంటే నగరం మీదుగా ఎత్తయిన ఎక్స్‌ప్రెస్ రహదారులు కట్టాలని సూచించింది. ఏ కొత్త మేయరైనా ఎగిరి గంతేసే అవకాశం. అంత పెద్ద శంకుస్థాపన ఊరికే వస్తుందా?

పెన్యలోసా కుదరదన్నాడు. ఆయన వాదన చాలా తేలిక. ఊళ్లో కారున్నవాళ్లు కొద్దిమంది. నడిచేవాళ్లు, బస్సెక్కేవాళ్లు ఎక్కువమంది. నగరం సొమ్మంతా కొద్దిమంది తొందరగా ఇల్లు చేరడానికి ఖర్చుపెడితే మిగతావాళ్ల మాటేమిటి? డబ్బున్నవాడికి ఆదివారం గడపడానికి క్లబ్బుంది, తోట ఉంది, ఊరవతల ఇల్లుంది. ఒంటిగది ఇంట్లో ఉండే కుటుంబానికి వీధీ పార్కే కదా దిక్కు!

అలా ముందు ఫుట్‌పాత్‌ల పని పట్టాడు. ఫుట్‌పాత్ అంచుల్లో వరసగా పొట్టి స్తంభాలు పాతించాడు. కార్లు ఎక్కకుండా. అంతే, దుకాణదారులు భగ్గుమన్నారు. కారు నిలపడానికి చోటు లేకపోతే మా గిరాకీ ఏం కావాలన్నారు. కార్లు ఎక్కడ పెట్టుకోవాలని జనం నిలదీశారు. పార్కింగ్ హక్కని ఏ రాజ్యాంగంలోనూ రాయలేదన్నది ఆయన జవాబు. నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి వారానికి రెండు రోజులు రద్దీ వేళల్లో కారు బయటికి తీయొద్దనేసరికి కోపం నషాళానికంటింది. ఆయన్ని దించేయాలంటూ సంతకాల సేకరణ మొదలైంది. ఆయన వెనక్కి తగ్గలేదు. 2000 ఫిబ్రవరిలో ఓ గురువారం ఊరంతటా ప్రైవేటు కార్లు బంద్ పెట్టాడు. ఏటా ఇలా ఒకరోజు ఉండాలా వద్దా అని అదే ఏడు ఓటింగ్ పెడితే జనం ఉండాలన్నారు.

పేదల బస్తీల్లో వేయించిన దారులు చూసి పెద్దలు నవ్వారు. కార్లు వెళ్లే మట్టిరోడ్డు మట్టిగానే ఉంది, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ మాత్రం నున్నటి బాట! తలకిందుల వ్యవహారం అన్నారు. ఆయన లెక్కలో అదే సరైన వరస. వెయ్యికి పైగా పార్కులు కొత్తగా కట్టడమో బాగుచేయడమో జరిగింది. చెత్తను తరలించే పాత కేంద్రం ఒకటి ‘ఎల్ తింతాల్’ పేరుతో గ్రంథాలయమై పిల్లలతో నిండిపోయింది.

అన్నీ మంచే చేశాడనుకుంటే పొరపాటు. ఊరి నడిబొడ్డున శాన్ విక్టోరినో కూడలిలో ఏళ్ల తరబడి బతుకుతున్న చిరువ్యాపారుల్ని ఖాళీ చేయించాడు. పక్కనే మత్తుమందులకు అడ్డాగా మారిన ‘కార్తుచో’ వాడను కూల్చి పార్కు కట్టే పని మొదలెట్టాడు. పార్కు అందంగానే వచ్చింది. అక్కడ తలదాచుకున్న నిరాశ్రయులు చుట్టుపక్కల వీధుల్లోకి చెదిరిపోయారు. ఫుట్‌పాత్ పేదవాడిదే అన్న మేయరు, దాని మీద తోపుడుబండి పెట్టుకున్న పేదవాడికి ఏం చెప్పాలో తేల్చుకోలేకపోయాడు. ఈ చిక్కుముడి కోఠీలోనైనా, బీసెంట్ రోడ్డులోనైనా మనకు తెలిసిందే.

బస్సుకు రాచబాట

ఆయన పేరు ప్రపంచమంతా పాకింది మాత్రం ‘ట్రాన్స్‌మిలేనియో’ బస్సుతోనే. రోడ్డు మధ్యలో బస్సుకు విడిగా దారి. రైల్వే ప్లాట్‌ఫాం లాంటి స్టేషన్లు. ముందే కార్డుతో డబ్బు చెల్లించి లోపలికెళ్తే, నూటఅరవై మంది పట్టే పొడుగుబస్సు తలుపు సరిగ్గా ప్లాట్‌ఫాం ఎత్తులో తెరుచుకుంటుంది. ఈ ఆలోచన సొంతం కాదు. బ్రెజిల్‌లోని కురిటీబా 1974లోనే మొదలుపెట్టింది. దాన్ని మెట్రో రైలు స్థాయికి తీసుకెళ్లింది మాత్రం బొగొటా. పెట్రోలు మీద అదనపు పన్ను ఇందుకు ఆసరా అయింది. పైసా యుద్ధాలు చేసిన బస్సు యజమానుల్లో కొందర్ని కొత్త కంపెనీల్లో వాటాదారుల్ని చేశారు. డ్రైవరుకు జీతం, కంపెనీకి నడిపిన కిలోమీటర్ల లెక్కన సొమ్ము. ఇక టికెట్టు కోసం పరుగు పందెం ఎందుకు? 2000 డిసెంబరులో, ఆయన గద్దె దిగడానికి కొద్దిరోజుల ముందు తొలి బస్సు కదిలింది.

అసలు కథ ఇక్కడుంది. కొలంబియాలో మేయరు వెంటనే రెండోసారి పోటీ చేయడానికి లేదు. పెన్యలోసా మూడేళ్లకే దిగిపోయాడు, మళ్లీ మోకస్ వచ్చాడు. ఒకప్పుడు ఎన్నికల్లో తలపడినవాళ్లు. అయినా ‘పాత మేయరు ప్రాజెక్టు’ అని మోకస్ దాన్ని అటకెక్కించలేదు. తర్వాతి బస్సు మార్గాలు వేయించాడు.

మన మేయరైతే?

విజయవాడవాళ్లకు బీఆర్‌టీఎస్ రోడ్డు తెలుసు. ఆ పేరు ఈ కథలోంచే వచ్చింది. కేంద్రం తెచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద విశాఖకూ విజయవాడకూ ఇలాంటి బస్సు మార్గాలు మంజూరయ్యాయి. రోడ్లు వెడల్పయ్యాయి, పేరు నిలిచింది. బొగొటా తరహా బస్సు వ్యవస్థ మాత్రం నిలదొక్కుకోలేదు. ఢిల్లీలో 2008లో మొదలైన మార్గాన్నయితే 2016లో పెకలించేశారు.

బస్సు నమూనా తెచ్చుకున్నాం, మేయరు నమూనా తెచ్చుకోలేదు. హైదరాబాద్ మేయరుగారు రేపు పొద్దున్నే పెన్యలోసా అయిపోదామనుకున్నారనుకోండి. బస్సు ఆర్టీసీది. నీళ్లు జలమండలివి. ట్రాఫిక్ పోలీసులది. మాస్టర్‌ప్లాన్ హెచ్‌ఎండీఏది. సరే, సొంత కార్పొరేషన్‌లోనైనా? చట్టప్రకారం పాలనాధికారం రాష్ట్ర ప్రభుత్వం పంపించే కమిషనర్‌ది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పద్దెనిమిది బాధ్యతల్ని పురపాలక సంస్థలకు ఇవ్వొచ్చంది. ఇవ్వాల్సిన రాష్ట్రాలకు చెయ్యి రావద్దూ!

2002లో హైదరాబాద్ ఓటర్లు తీగల కృష్ణారెడ్డిని నేరుగా మేయరుగా ఎన్నుకున్నారు. ఆ తర్వాత పద్ధతి మారింది. 2009 ఎన్నికల నాటికి మేయర్ని కార్పొరేటర్లే ఎన్నుకుంటున్నారు. పొత్తు కుదిరితే పదవీకాలాన్ని రెండు పార్టీలు పంచుకోవడమూ చూశాం. విశాఖలో 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం నెగ్గి మేయరు మధ్యలోనే మారిపోయారు. కార్పొరేటర్లను బుజ్జగించడంతోనే సరిపోయే కుర్చీలో కూర్చుని, కార్లున్నవాళ్లతో తగవు పెట్టుకోవడం ఎవరి తరం? మన మేయర్లకు ఊహ లేదని తిట్టుకుంటాం కానీ, అధికారం లేనిచోట ఊహ ఉండీ ఏం ప్రయోజనమన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

గొలుసు తెగింది

అధికారం ఉంటే చాలనుకోవడానికీ లేదు. దానికీ బొగొటాయే సాక్ష్యం. 2007 ఎన్నికల్లో గెలిచిన సామ్యుయెల్ మొరేనో హయాంలో బస్సుల మూడో దశ పనులు కాంట్రాక్టర్ల చేతుల్లో చిక్కి నత్తనడక నడిచాయి. ముడుపుల బాగోతం బయటపడి 2011లో ఆయన సస్పెండయ్యాడు, తర్వాత శిక్షా పడింది. ఈలోగా ప్రయాణికులు పెరిగారు, దారులు పెరగలేదు. ఊపిరాడని రద్దీతో విసిగిన జనం 2012 మార్చిలో ట్రాన్స్‌మిలేనియో స్టేషన్ల మీదే తిరగబడి అద్దాలు పగలగొట్టారు. ఒకప్పుడు ఊరికి గర్వకారణమైన బస్సే!

పెన్యలోసా 2016లో మళ్లీ మేయరయ్యాడు. ఈసారి పాత మెరుపులు లేవు. దశాబ్దాలుగా నలుగుతున్న మెట్రో రైలు కాంట్రాక్టు 2019లో చైనా కంపెనీల బృందానికి దక్కింది ఆయన హయాంలోనే. ఆ తర్వాత వచ్చిన క్లౌడియా లోపెజ్, బొగొటా ఎన్నుకున్న తొలి మహిళా మేయరు. ఎన్నో విషయాల్లో ఆయనతో విభేదించే ఆవిడ కూడా కాంట్రాక్టు చింపేయకుండా పనులు మొదలుపెట్టించింది. ఇరవైనాలుగు కిలోమీటర్ల ఆ మెట్రో నేల మీద కాదు, స్తంభాల మీద వెళ్తుంది. అందులో కొంత దూరం, తొలి ట్రాన్స్‌మిలేనియో బస్సు నడిచిన కరాకస్ అవెన్యూ మీదుగానే. ఎత్తయిన రహదారులు వద్దన్న మనిషి ఎత్తయిన రైలు ఎలా ఒప్పుకున్నాడని కొందరు, భూగర్భంలో వేయాల్సిందని మరికొందరు అక్కడి కాఫీ దుకాణాల్లో ఇప్పటికీ వాదించుకుంటున్నారు.