సరుక్కీ ఓ చిరునామా

2007లో ఫ్లిప్‌కార్ట్‌కు వచ్చిన మొట్టమొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచి. అడిగింది ఓ ఇంగ్లిషు పుస్తకం. అప్పటికి ఆ సంస్థ దగ్గర స్టాకు లేదు. సంస్థ పెట్టినవాళ్లే బెంగళూరు పుస్తకాల షాపులు గాలించి, కొని, పంపించారు.

*

ఇప్పుడు ఆన్‌లైన్ కంపెనీల పెద్ద గోడౌన్లలో సబ్బులన్నీ ఒకచోట, పుస్తకాలన్నీ ఒకచోట ఉంటాయనుకుంటాం. చాలాచోట్ల అలా ఉండవు. ఏ అరలో ఖాళీ ఉంటే అందులో పెట్టేస్తారు. కుక్కర్ రబ్బరు పక్కన పిల్లల బొమ్మ, దాని పక్కన గ్రూప్స్ పుస్తకం. పెట్టేటప్పుడు సరుకు మీది బార్‌కోడు, అర మీది బార్‌కోడు రెండూ స్కాన్ చేస్తారు కాబట్టి ఏది ఎక్కడుందో కంప్యూటర్ చెబుతుంది. చూడ్డానికి గందరగోళమే కానీ ఇందులో గొప్ప తెలివి ఉంది. జాగా వృథా కాదు. ఒకేలా కనిపించేవి పక్కపక్కన ఉండవు గనక ఒకటి బదులు ఇంకొకటి తీసే పొరపాటూ తగ్గుతుంది.

మా మేనకోడలు విజయవాడలో రెండు గదుల్లో పచ్చళ్లు, పొడులు పెట్టుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. గోంగూర, పండుమిర్చి గోంగూర సీసాలు పక్కపక్కనే ఉండేవి. రెంటికీ ఒకే రంగు మూత. ఒకటి అడిగితే ఇంకొకటి వెళ్లి, పార్సిళ్లు వెనక్కి వచ్చేవి. ఇప్పుడా రెండూ వేర్వేరు గదుల్లో ఉన్నాయి. ప్రతి అరకూ నంబరు వేసింది. "మామయ్యా, కంప్యూటర్ 1 తర్వాత 10 చూపిస్తోందేంటి?" అని ఓ రాత్రి ఫోన్ చేసింది. నంబరును అక్షరాల్లా చదివే చోట 2 కంటే 10 ముందొస్తుంది. అందుకే 01, 02 అని సున్నా పెట్టి రాయాలి. అరల పేర్లలో ఇంగ్లిషు ఐ, ఓ అక్షరాలు వాడకపోవడమే మేలు, ఒకటి, సున్నాలతో కలిసిపోతాయి. ఎక్కువ పోయే ఆవకాయ ఇప్పుడు నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉంటుంది. గడువు ముందు ముగిసే సీసా ముందు వరసలో.

*

గోడౌన్లు ఒకటి నుంచి నాలుగైతే, చేతిలో ఉంచుకోవాల్సిన అదనపు స్టాకు సుమారు రెండింతలవుతుంది. తొమ్మిదైతే మూడింతలు. దీన్ని వర్గమూల సూత్రం అంటారు. అంతా ఒకేచోట ఉంటే విశాఖలో పెరిగిన గిరాకీ, తిరుపతిలో తగ్గిన గిరాకీ ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. విడదీస్తే ఆ సర్దుబాటు పోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క గోడౌన్ చాలని నేననేది ఇందుకే.

*

2017 జూలై 1న జీఎస్టీ రాకముందు చాలా కంపెనీలు రాష్ట్రానికో గోడౌన్ పెట్టుకునేవి. కారణం దూరం ఒక్కటే కాదు. వేరే రాష్ట్రానికి అమ్మితే 2 శాతం కేంద్ర అమ్మకపు పన్ను పడేది, సొంత గోడౌన్‌కు తరలిస్తే పడేది కాదు. జీఎస్టీ వచ్చాక ఆ అవసరం తీరి, చిన్న గోడౌన్లు పెద్దవాటిలో కలిశాయి. అయితే వేరే రాష్ట్రంలోని ఆన్‌లైన్ కంపెనీ గోడౌన్‌లో మీ సరుకు ఉంచి అమ్మాలంటే ఆ రాష్ట్రంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి.

*

ఇక కొరియరు ఖర్చు సంగతి. అర కిలో అప్పడాల పెట్టె కొలతలు 30, 20, 10 సెంటీమీటర్లు అనుకోండి. మూడూ గుణించి 5000తో భాగిస్తే 1.2 వస్తుంది. చాలా కొరియర్లు డబ్బు తీసుకునేది ఆ 1.2 కిలోలకే. పెట్టె తగ్గితే ఖర్చు తగ్గుతుంది.

*

ఎంత పెద్ద గోడౌన్ నుంచి బయల్దేరినా పార్సిలు దారి పట్టేది పిన్‌కోడ్‌ను బట్టే. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ దాన్ని తెచ్చింది. మొదటి అంకె 5 అయితే సాధారణంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. చివరి మూడంకెలు పోస్టాఫీసువి. 520001 విజయవాడ, 530001 విశాఖపట్నం. తేడా ఒక్క అంకె. పార్సిలు మీద అతికించే ముందు ఆ ఆరంకెలూ ఒకసారి పైకి చదవండి.