పట్టుపురుగులూ, చేతబడీ

రొళ్లలో ఒక ఏడు మా పట్టుపురుగులు గూడు కట్టకముందే తట్టల్లో చచ్చిపోయాయి. "ఎవరో చేతబడి చేసినారు" అన్నారు. చూపులన్నీ ఒంటరిగా బతికే ఒక ముసలమ్మ మీదికి పోయాయి. మా ఊళ్లో అది మాటలతోనే ఆగింది. మెదక్ ప్రాంతంలో ఆగలేదు: బాణామతి పేరుతో మనుషుల పళ్లూడబెరికారు, ప్రాణాలూ తీశారు.

దీన్ని వట్టి మూఢత్వమంటే సరిపోదు. "దేవుడు మంచివాడైతే మాకీ కష్టమెందుకు?" అన్న ప్రశ్న ప్రతి మతాన్నీ వేధించింది. కర్మ అంటే తప్పు మనదవుతుంది. దైవపరీక్ష అంటే ఓర్చుకోవాలి. చేతబడి అంటే మాత్రం కొట్టడానికొక మనిషి దొరుకుతుంది. దొరికేది ఎప్పుడూ దిక్కులేనివాళ్లే.

1865లో ఫ్రాన్సులో పురుగులు చస్తుంటే పాశ్చర్ మనిషిని కాదు, సూక్ష్మదర్శినిలో రోగాన్ని వెదికాడు. రోగంలేని చిలుకల గుడ్లనే వాడమన్నాడు. మన రోగరహిత గుడ్లకు నేటికీ అదే ఆధారం.

పొరుగున కర్ణాటక 2017లో చేతబడి దురాచారాలపై చట్టం చేసింది. చట్టం కావాలి, అదొక్కటే చాలదు. పురుగులెలా చచ్చాయో సైన్సు చెబుతుంది, "మాకే ఎందుకు?" అంటే చెప్పదు. మిత్రులారా, ఆ ఖాళీలో ముసలమ్మను నిలబెట్టకుండా చూడడం చదువుకున్న మన పని.